స్పార్కు ప్లగ్గు: కాకిబంగారము నుండి కురువిందము వరకు

(సంఘ వార్షిక సమావేశమున చదువబడిన ప్రసంగ పాఠము)



సంగీతమునకు, సాహిత్యమునకు, హరికథకు అలవాటుపడిన ఈ వేదికపై మోటారు ఇంజనులోని ఒక చిన్న వస్తువును గూర్చిన ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. స్పార్కు ప్లగ్గు బొటనవ్రేలంత వస్తువు. బండి కదలనంటిన దినమున తప్ప దానిని ఎవరును తలచుకొనరు. అయినను దాని చరిత్రలో తెలుగువారి నోట నానిన రెండు మాటలు దాగియున్నవి. ఒకటి కాకిబంగారము, రెండవది కురువిందము. మొదటిది పల్లెటూరి పిల్లలు ఏరుకొని ఎండలో త్రిప్పి చూచుకొను తళుకుపొర. పండితులు అభ్రకమని వ్యవహరింతురు. రెండవది కత్తులకును, రత్నములకును సానపట్టువారు ఎరిగిన కరకు రాయి. 20వ శతాబ్దపు వేగవంతమైన ఇంజను తన నిప్పును తానే తట్టుకొనలేని స్థితికి వచ్చినప్పుడు మొదట కాకిబంగారమును, పిదప కురువిందమును ఆశ్రయించినది.

పెట్రోలు ఇంజను పనిచేయు తీరు చాలమందికి తెలిసినదే. గాలియు, పెట్రోలు ఆవిరియు కలిసిన మిశ్రమమును సిలిండరులోనికి పీల్చుకొని పిస్టను దానిని అదిమిపట్టును. అట్లు అదిమిన మిశ్రమమునకు సరియైన క్షణమున నిప్పంటించుట ప్లగ్గు చేయు పని. దాని నిర్మాణము చూచుటకు సామాన్యము. నడుమ నొక లోహపు కడ్డీ; కడ్డీ చుట్టును విద్యుత్తును పోనీయని పదార్థముతో చేసిన గొట్టము; గొట్టమునకు వెలుపల మరచుట్లు గల ఉక్కు తొడుగు; ఆ తొడుగు అంచున వంచిన ఒక కొమ్ము. కడ్డీ కొనకును కొమ్మునకును నడుమ ఎడము ఒక మిల్లీమీటరు, లేక అంతకు తక్కువ. 10,000 మొదలు 30,000 వోల్టుల వరకు గల విద్యుత్తు ఆ ఎడమును దాటి దుముకును. అదియే నిప్పురవ్వ.

నాలుగు స్ట్రోకుల ఇంజను నిమిషమునకు 6,000 చుట్లు తిరుగునప్పుడు ఒక్కొక్క ప్లగ్గు నిమిషమునకు 3,000 సార్లు, అనగా సెకనుకు 50 సార్లు రవ్వ నీయవలెను. ఫార్ములా వన్ పందెపు కార్ల ఇంజన్లకు 2009లో విధింపబడిన హద్దు నిమిషమునకు 18,000 చుట్లు. అచ్చట సెకనుకు 150 రవ్వలు. ప్రతి రవ్వ వెంటను మండు వాయువు 2,000 డిగ్రీల సెంటీగ్రేడునకు పైబడిన వేడిమితో ప్లగ్గు ముక్కును తాకును. మరుక్షణమే చల్లని మిశ్రమము వచ్చి దానిని తడుపును. ఉక్కు దాదాపు 1,500 డిగ్రీల వద్ద కరగిపోవును గదా, మరి ప్లగ్గు ఎట్లు నిలుచుచున్నది? వేడిమి తగులు కాలము అత్యల్పమగుటయు, తగిలిన వేడిమి నిలువక వెనుకకు, అనగా ఉక్కు తొడుగు ద్వారమున సిలిండరు తలలోనికి పారిపోవుటయు దీనికి కారణములు. ఇంజను వేగము హెచ్చిన కొలది చల్లారు వ్యవధి తగ్గును, నిమిషమునకు వచ్చి పడు వేడిమి పెరుగును. వేగమునకును వేడిమికిని గల సంబంధము ఇదియే.

లోహపు భాగములకంటె నడిమి గొట్టమే శిల్పులను ఎక్కువగా వేధించినది. దాని నుండి కోరు గుణములు పరస్పర విరుద్ధములు. అది వేడిని పోనీయవలెను, విద్యుత్తును పోనీయరాదు. ప్రకృతిలో వేడిని బాగుగా మోయు రాగి, వెండి వంటివి విద్యుత్తును కూడ బాగుగా మోయును. విద్యుత్తును ఆపు గాజు, పింగాణి వంటివి వేడిని కూడ ఆపును. పైగా గాజుకును, మామూలు పింగాణికిని మరియొక లోపము కలదు. చల్లగా నున్నంత కాలము విద్యుత్తును గట్టిగా ఆపియుంచునవి, ఎర్రగా కాలినప్పుడు దానికి దారి విడుచును. ఏ సమయమున కాపలా అవసరమో ఆ సమయముననే కావలివాడు కునుకుతీసినట్లగును.

ప్లగ్గు ముక్కు ఎంత వేడిగా ఉండవలెనను ప్రశ్నకు జవాబు కూడ సూటిగా లేదు. చల్లగా ఉండిన మంచిదని తోచును. కాని ముక్కు సుమారు 450 డిగ్రీలకు చేరనిచో పెట్రోలు మసి, నూనె జిడ్డు దానిపై పేరుకొనును. మసి విద్యుత్తునకు దారి. అంతట విద్యుత్తు ఎడమును దుముకు శ్రమ మాని మసి మీదుగా మెల్లగా జారిపోవును, రవ్వ పుట్టదు. (సులభమార్గము దొరకినచో కష్టమార్గమును విడుచుట విద్యుత్తునకు మాత్రమే గల గుణము కాదు.) 450కి పైబడినచో ఆ మసి తనంతట తాను కాలిపోయి ముక్కు శుభ్రపడును. అటు పైన 850 డిగ్రీల వరకు క్షేమము. 900 దాటి కొలిమిలోని కణికవలె ముక్కు వెలుగసాగినచో, రవ్వ రాకపూర్వమే మిశ్రమము అంటుకొనును. పైకి వచ్చుచున్న పిస్టనును మండు వాయువు ఎదురుగా త్రోయును. అందువలన వేడి మరింత పెరుగును. పెరిగిన వేడితో ముక్కు మరింత కాలును. మరుసటి చుట్టులో మిశ్రమము మరింత ముందుగా అంటుకొనును. ఈ విషవలయము మొదలైన పిదప అల్యూమినియపు పిస్టను తలకు బెజ్జము పడుటకు ఎక్కువ సేపు పట్టదు.

విచిత్రమేమనగా, ఇట్లు కాలిన ముక్కుతో నిప్పంటించుటయే ఒకప్పుడు రాజమార్గముగా నుండెను. 1860లో పారిస్ నగరమున ఎతియెన్ లెనువార్ తన గ్యాసు ఇంజనుకు పింగాణి గొట్టము గల ప్లగ్గునే వాడెను. ఆ ఇంజను మెల్లగా తిరుగునది, మిశ్రమమును అదుమునది కాదు. కనుక పింగాణికి పరీక్ష రాలేదు. తరువాత గోట్లీబ్ దైమ్లర్, విల్‌హెల్మ్ మైబాఖ్ అను జర్మను శిల్పులు 1885 నాటికి నిమిషమునకు 600 చుట్లు తిరుగు ఇంజనును సిద్ధపరచిరి. అందులో విద్యుత్తు లేదు. సిలిండరుకు ప్రక్కగా అమర్చిన సన్నని గొట్టమును వెలుపలి దీపముతో ఎర్రగా కాల్చెడివారు. అదిమిన మిశ్రమము ఆ గొట్టములోనికి చొచ్చుకొనిపోయి అంటుకొనెడిది. నిప్పంటు క్షణమును ఇచ్ఛానుసారము మార్చుటకు అందు వీలు లేదు. 1902లో స్టుట్‌గార్ట్ నగరమున రాబర్ట్ బాష్ కార్ఖానాలో గోట్లోబ్ హోనోల్డ్ అను ఇంజనీరు అధిక వోల్టుల మాగ్నెటోను, దానికి తగిన ప్లగ్గును కూర్చిన తరువాత, నిప్పంటు క్షణము మానవుని అధీనములోనికి వచ్చినది. ఎర్రగా కాలిన గొట్టము అటక ఎక్కినది. ప్లగ్గు మితిమీరి వేడెక్కినప్పుడు జరుగునది ఆ పాత గొట్టము పిలువని పేరంటముగా తిరిగి వచ్చుటయే.

తొలినాటి ప్లగ్గులలో గొట్టము పింగాణిదే. కార్లు గంటకు 30, 40 కిలోమీటర్లు పోవు దినములలో అది చాలినది. పందెపు కార్లును, విమానములును వచ్చినంతనే చాలలేదు. పింగాణి చురుకుగా వేడెక్కి, చురుకుగా చల్లారి, బీటలు వారెడిది. ఇంగ్లండులో కెనెల్మ్ లీ గిన్నెస్ అను పందెగాడు ఈ బాధ స్వయముగా పడినవాడు. 1922లో బ్రూక్‌లండ్స్ పందెపు బాటపై గంటకు 133.75 మైళ్ల వేగముతో భూవేగ రికార్డు నెలకొల్పినవాడితడే. లండను శివారున ఒక పాత సత్రపు కట్టడములో అతడు పింగాణికి బదులు అభ్రకముతో ప్లగ్గులు చేయింపసాగెను. అతని పేరులోని పొడి అక్షరములే కె.ఎల్.జి. అను ముద్రగా ప్రసిద్ధికెక్కినవి. నడిమి కడ్డీకి పలుచని అభ్రకపు రేకులను గట్టిగా చుట్టి, దానిపై నడుమ బెజ్జము గల అభ్రకపు బిళ్లలను ఒకదానిపై నొకటి దొంతరగా గ్రుచ్చి, బలముగా అదిమి, తరువాత తరిమెన పట్టి నునుపు చేసెడివారు. అభ్రకము బీటలు వారదు. పొరలు పొరలుగా ఉండుటచే అదురునకు లొంగిపోవును గాని పగులదు. వేడిలో విద్యుత్తును ఆపుటలో పింగాణి దానికి సాటి రాదు.

ఆ అభ్రకము ప్రధానముగా భారతదేశపుది. ఉత్తరమున కోడర్మా పరిసరములలోని కెంపు ఛాయ గల అభ్రకము, దక్షిణమున నాటి నెల్లూరు జిల్లా గూడూరు ప్రాంతమున దొరకు ఆకుపచ్చ ఛాయ గల అభ్రకము లోకప్రసిద్ధములు. నెల్లూరు జిల్లాలోని ఇనికుర్తి గనిలో పది అడుగుల కొలతకు వచ్చు అభ్రకపు ‘పుస్తకములు’ దొరికినవని భూగర్భశాస్త్ర గ్రంథములు చెప్పుచున్నవి. అభ్రకపు దిమ్మను పుస్తకమనుట గనివారి మాట; పుటలు పుటలుగా విడుటయే కారణము. ఆ పుటలను కత్తితో విడదీసి, అంగుళములో వెయ్యవ వంతు మందమునకు తెచ్చుట యంత్రమునకు చేతకాని పని, చేతివ్రేళ్ల పని. సంతకమెరుగని కూలివాడును, కూలిదియు గని పందిళ్ల క్రింద కూర్చుండి విడదీసిన పుట సముద్రములు దాటి ఏ విమానపు ఇంజనులోనో కడ్డీకి చుట్టబడి మేఘములపై కాలుచుండెడిది. పంపినవారికి ఆ సంగతి తెలిసియుండుననుటకు ఆధారము లేదు. 1914 నాటి మహాయుద్ధమున విమానపు మాగ్నెటోలకును, ప్లగ్గులకును అభ్రకము ఎంత అవసరమైనదో, 1942లో మరల అట్టి అవసరమే కలిగి, బ్రిటను, అమెరికాలు కలిసి అభ్రకపు కొనుగోలుకై భారతదేశమున ఒక సంయుక్త మిషనును నెలకొల్పినవి.

కారులో ప్లగ్గు చెడినచో బండిని దారి ప్రక్కన ఆపవచ్చును. విమానమునకు దారి ప్రక్క అనునది లేదు. అందుచేతనే విమానపు ఇంజన్లలో సిలిండరుకు రెండేసి ప్లగ్గులు అమర్తురు. ప్లగ్గు చిన్నదైనను ఎంత చెప్పగలదో 1929లో జరిగిన ఒక సంఘటన తెలుపును. ఆ సంవత్సరము ఇంగ్లండు దక్షిణ తీరమున కాల్షాట్ వద్ద ష్నైడర్ ట్రోఫీ అను సముద్రవిమానముల పందెము ఏర్పాటయ్యెను. బ్రిటిషువారి సూపర్‌మెరీన్ విమానమున రోల్స్ రాయిస్ ‘ఆర్’ ఇంజను. 12 సిలిండర్లు, 24 ప్లగ్గులు, సుమారు 1,900 అశ్వశక్తి. పందెమునకు ముందటి రాత్రి మెకానిక్కులు ప్లగ్గులు మార్చుచుండగా ఒక ప్లగ్గు కొనపై తెల్లని లోహపు చుక్క కనబడెను. అది ప్లగ్గులోని లోహము కాదు, పిస్టనులోని అల్యూమినియము. సిలిండరులో పిస్టను ఒరసికొని కరగుట ఆరంభమైనదన్నమాట. ఇంజను మొత్తమును మార్చుటకు పందెపు నిబంధనలు అంగీకరింపవు. సిలిండర్ల వరుసను మాత్రము మార్చవచ్చును. డెర్బీ నగరపు కార్ఖానా నుండి పందెము చూచుటకై వచ్చిన పనివారు సమీపమున హోటలులో నిద్రించుచుండిరి. వారిని లేపి తెచ్చి, తెల్లవారులోగా ఆ వరుసను మార్చిరి. సెప్టెంబరు 7న వాగ్‌హార్న్ అను వైమానికుడు ఆ విమానమునే నడిపి గంటకు 328.63 మైళ్ల సగటు వేగముతో పందెము గెలిచెను. ప్లగ్గు మీది చుక్కను ఆ మెకానిక్కు తుడిచివేసి ఊరకుండినచో ఏమి జరిగియుండునో ఊహించుట కష్టము కాదు.

అభ్రకమునకు గండము వేడిమి వలన కాక మందు వలన వచ్చినది. నెల్లూరి అభ్రకము వంటిది సుమారు 600 డిగ్రీలు దాటినచో తనలోని నీటిని కోల్పోయి ఉబ్బుట ఆరంభించును. ఆ సంగతి ముందే తెలిసినది, దానికి తగినట్లు ముక్కును పొట్టిగా చేసి కాలము గడుపుచుండిరి. కాని 1921లో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ పెట్రోలులో సీసపు మందు కలిపినచో ఇంజను కొట్టుకొనుట తగ్గునని కనిపెట్టెను. ఇంజన్లు మిశ్రమమును మరింత గట్టిగా అదుముటకు వీలుకలిగినది, శక్తి పెరిగినది. మండిన సీసము మాత్రము ప్లగ్గుపై పేరుకొని, అభ్రకములోని సిలికాతో వేడిలో కలిసి, దానిని గాజువలె కరగించి తినివేయసాగెను. అభ్రకపు పొరల అంచులు చెదరిన చోటనెల్ల ఆ సీసము చొరబడి విద్యుత్తునకు దారి ఇచ్చెను. సీసము మనుష్యునకు చేయు కీడు ఇంతకంటె ఘోరమైనది. భారతదేశమున 2000 సంవత్సరమునను, కార్లకు సంబంధించినంతవరకు ప్రపంచమంతటను 2021 నాటికిని, అట్టి పెట్రోలు నిలిచిపోయినది. పిస్టను ఇంజను గల చిన్న విమానములకు వాడు పెట్రోలులో అది ఇంకను పూర్తిగా తొలగలేదు.

ఈ సంకటమున తీసికొనబడినది కురువిందము. రసాయనశాస్త్రరీత్యా అది అల్యూమినియపు భస్మము, అల్యూమినా. కెంపు, నీలము ఈ జాతివే. రంగులేని శుద్ధస్థితిలో తెలుపు. కాఠిన్యమున వజ్రము తరువాత దీనినే చెప్పుదురు. దక్షిణదేశమున ఈ రాయి పలుచోట్ల దొరకును. తెలుగునాట ఖమ్మము, అనంతపురము జిల్లాలలో కలదు. 1798లో చార్లెస్ గ్రెవిల్ అను ఆంగ్లేయుడు ఆసియా నుండి వచ్చిన ఈ రాతిని గూర్చి లండను రాయల్ సొసైటీలో పత్రము ప్రకటించెను. దానితో ‘కోరండం’ అను పేరు పాశ్చాత్య ఖనిజశాస్త్రమున స్థిరపడెను. ఆ పేరు తమిళమున కురుందమనియు, తెలుగున కురువిందమనియు వాడుకలో నున్న మాటకు మారురూపమే. 1930 ప్రాంతమున జర్మనీలోని సీమెన్స్ సంస్థవారు అల్యూమినా పొడిని అచ్చులో పోసి కాల్చి ప్లగ్గు గొట్టములు చేసి, దానికి ‘సింటర్‌కోరుండ్’ అని పేరు పెట్టిరి. గిన్నెస్ స్థాపించిన కార్ఖానావారు కూడ తరువాత అభ్రకమును విడిచి ఇట్టి గొట్టమునే చేసి ‘కోరండైట్’ అనిరి. సానపట్టువాని మాట ఈ విధముగా జర్మనులకును, ఆంగ్లేయులకును వ్యాపారనామమైనది. ప్లగ్గుకు వాడు అల్యూమినా గనిలో దొరకు కురువిందము కాదనియు, బాక్సైటు నుండి శుద్ధి చేసి తీయబడినదనియు చెప్పకుండుట న్యాయము కాదు. పదార్థము మాత్రము అదియే.

దీని గుణములను పూర్వపు వానితో పోల్చిచూచిన ఆశ్చర్యము కలుగును. కరగుటకు 2,000 డిగ్రీలు దాటవలెను. ఎర్రగా కాలినను విద్యుత్తును ఆపును. సీసము దీనిని అంత సులభముగా తినలేదు. అన్నిటికంటె ముఖ్యము, వేడిని పింగాణికంటె పదిరెట్లకు పైగా చురుకుగా మోయును. వేడిని పోనిచ్చి విద్యుత్తును ఆపు పదార్థములు అరుదని చెప్పబడినది గదా. ఆ అరుదైన వానిలో ఇది యొకటి. అయితే ఇట్టి రాయిని మలచుట ఎట్లు? కాల్చిన తరువాత వజ్రము తప్ప దేనికిని లొంగదు. కనుక నూటికి 95 పాళ్ల వరకు అల్యూమినా గల మెత్తని పొడిని రబ్బరు తొడుగు గల అచ్చులో పోసి, అన్ని వైపుల నుండి సమానముగా అదుముదురు. సుద్దముక్కవలె నున్న ఆ పచ్చి గొట్టమును సానచక్రముపై కోరిన రూపమునకు తెచ్చి, పిమ్మట సుమారు 1,600 డిగ్రీల వేడి గల కొలిమిలో కాల్తురు. కాలినప్పుడు అది దాదాపు ఆరవ వంతు కుదించుకొనిపోవును. కుమ్మరి కుండ చేయునప్పుడు ఎండి తగ్గు కొలతను చేతితోనే ఎరిగియుండును. ఇచ్చట ఆ లెక్కను మిల్లీమీటరులో పదవ వంతులవరకు ముందే వేసికొనవలెను. కడ్డీ లోహము, ఉక్కు తొడుగు వేడికి ఎక్కువగా సాగును, కురువిందము తక్కువగా సాగును. మూడును మూడు తీరుల సాగుచుండగా నడుమ వాయువు కారకుండ అతికించుట మరియొక విద్య.

పదార్థము దొరకినంత మాత్రమున పని ముగియలేదు. ఒకే కురువిందముతో చేసిన రెండు ప్లగ్గులు రెండు ఇంజన్లలో వేరువేరుగా నడచుకొనును. నెమ్మదిగా నడచు కారునకు సరిపడినది పందెపు ఇంజనులో నిమిషములలో కాలిపోవును. పందెపు ప్లగ్గును నెమ్మది కారులో పెట్టినచో మసిబారి మొరాయించును. భేదమంతయు ముక్కు పొడవులో నున్నది. వంటయింటి ఉపమానము చాలును. ఉడుకుచున్న పులుసులో ఇత్తడి గరిట కొద్దిగా ముంచి చేతితో పట్టుకొనినచో వేడి చురుకుగా చేతికి వచ్చును; పొడుగు కాడ గల గరిటెలో కొన మాత్రము కాగుచుండును, చేతికి మెల్లగా వచ్చును. ప్లగ్గులో చేయి వంటిది ఉక్కు తొడుగు. ముక్కు పొట్టిదైనచో వేడి వెంటనే తొడుగునకు చేరి పారిపోవును, ముక్కు చల్లగా ఉండును. పొడుగైనచో వేడి చాలదూరము ప్రయాణము చేయవలెను, ముక్కు కాగుచుండును. మొదటిదానిని ‘కోల్డు’ ప్లగ్గనియు, రెండవదానిని ‘హాట్’ ప్లగ్గనియు పిలుతురు. వేడి ఇంజనుకు కోల్డు ప్లగ్గు, చల్లని ఇంజనుకు హాట్ ప్లగ్గు వేయవలెను. పేరును బట్టి తీసికొనినవాడు తలక్రిందులుగా తీసికొనుట కద్దు. ‘అత్యవసరము’ అను ముద్ర గల ఫైలుకును దాని నడకకును గల సంబంధము ఎరిగిన సభ్యులకు ఈ పేర్ల తికమక కొత్త కాదు.

ఈ గుణమును అంకెలో చెప్పుటకు బాష్ సంస్థవారు 1927లో ఒక పద్ధతి తెచ్చిరి. నిర్ణీతమైన పరీక్షా ఇంజనులో ప్లగ్గును పెట్టి, అది ఎంత కాలమునకు తానే కాలి మిశ్రమమును అంటించునో చూతురు. ఎక్కువ కాలము ఓర్చిన ప్లగ్గుకు ఎక్కువ అంకె. ఓర్పును అంకెలలో కొలుచుట అన్ని విషయములలోను సాధ్యమైన ఎంత బాగుండెడిదో! తరువాత ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క వరుస పెట్టుకొనినది. కొందరికి అంకె హెచ్చిన చల్లనిది, కొందరికి అంకె తగ్గిన చల్లనిది. కాబట్టి ఒక ముద్ర అంకెను మరియొక ముద్రకు అన్వయించుట ప్రమాదము.

భారతదేశమున ఈ పరిశ్రమ స్వాతంత్ర్యము వచ్చిన పిదప వేళ్లూనినది. 1951లో బెంగుళూరున మోటారు ఇండస్ట్రీస్ కంపెనీ, అనగా ‘మైకో’, స్థాపింపబడెను. ఆ ముద్ర గల ప్లగ్గును ఒక్కసారియైనను గుడ్డతో తుడువని స్కూటరు యజమాని 1970, 80లలో అరుదు. చలికాలపు ఉదయమున ఢిల్లీ ప్రభుత్వ నివాసముల ముందర స్కూటరును ప్రక్కకు వంచి, కిక్కు కొట్టి కొట్టి, చివరకు ప్లగ్గు విప్పి గరుకు కాగితముతో రుద్దుచుండిన ఉద్యోగులను పాతకాపులైన సభ్యులు మరచియుండరు. ఆ బాధకు కారణము ఇప్పుడు విశదము కాగలదు. అవి రెండు స్ట్రోకుల ఇంజన్లు. పెట్రోలులోనే నూనె కలిపెడివారు. ఇంటి నుండి కార్యాలయమునకు నాలుగైదు మైళ్లు, నడుమ నిలుపుదలలు. ప్లగ్గు ముక్కు 450 డిగ్రీలు చూచులోపల ప్రయాణమే ముగిసెడిది. నూనె కాలక జిడ్డుగా మిగిలెడిది. అదే స్కూటరు ఆగ్రా బాట పట్టి ఎండలో ఇద్దరిని మోసికొని పోవునప్పుడు కథ తిరగబడును. రెండు స్ట్రోకులలో చుట్టుకొక రవ్వ గనుక ప్లగ్గుకు విశ్రాంతి లేదు, ముక్కు మితిమీరి కాలును. ఒకే ప్లగ్గు వారములో ఐదుదినములు చలికిని, ఆరవ దినము వేడికిని గురియగుచుండెను.

దీనికి విరుగుడుగా తరువాతి శిల్పులు నడిమి కడ్డీలో రాగిని దాచిరి. పైన నికెలు తొడుగు, లోపల రాగి. రాగి 1,085 డిగ్రీలకే కరగును, కాని వేడిని మోయుటలో నేర్పరి. నికెలు కవచము వలె నిప్పునకు ఎదురు నిలువగా, రాగి లోపలి నుండి వేడిని వెనుకకు చేరవేయును. ముక్కు పొడుగుగా నుంచి మసిని కాల్చుకొనవచ్చును, రాగి ఉండుటచే మితిమీరి కాలదు. చలికిని వేడికిని ఒకే ప్లగ్గు చాలుట కొంతవరకు సాధ్యమైనది. కొనలు అరిగిపోకుండ ప్లాటినమును, దానికంటె గట్టిదగు ఇరిడియమును అతికించుట పిదప వచ్చినది. ఇరిడియము 2,400 డిగ్రీలు దాటిన గాని కరగదు. అందుచేత కొనను సూదివలె సన్నము చేయుటకు వీలగును, సన్నని కొన నుండి రవ్వ తక్కువ వోల్టులకే దుముకును.

ఢిల్లీలో బస్సులు, ఆటోలు సి.ఎన్.జి. వాయువునకు మారినది న్యాయస్థానపు ఉత్తరువు ననుసరించి. 2002 చివరకు బస్సుల మార్పు పూర్తియైనది. గాలి కొంత తేటపడినది గాని ప్లగ్గునకు పని పెరిగినది. పెట్రోలు ఆవిరియగునప్పుడు లోపల కొంత చల్లదనము నిచ్చును. వాయువు ముందే వాయువు గనుక ఆ చల్లదనము లేదు. పైగా దానిని అంటించుటకు ఎక్కువ వోల్టులు కావలెను. పెట్రోలు బండి ప్లగ్గును అట్లే ఉంచి సి.ఎన్.జి. కిట్టు బిగించుకొనిన కార్లలో కొనలు త్వరగా అరుగుటకు ఇది కారణము. మెకానిక్కు ‘ఎడము కొంచెము తగ్గింతును’ అనినచో అది డబ్బు గుంజు ఎత్తు అని అనుమానింప నక్కరలేదు.

బల్లపై మూడు వాడిన ప్లగ్గులు, గూడూరు ప్రాంతపు అభ్రకపు ముక్క ఒకటి, ఒక చిన్న సానరాయి ఉంచబడినవి. సభ్యులు చేతికి తీసికొని చూడవచ్చును. నల్లగా మసిబారినది తక్కువ దూరములు తిరుగు బండిది. ఇటుకపొడి రంగు గలది ఆరోగ్యముగా నున్న ఇంజనుది. ముక్కు సున్నము వలె తెల్లబడి, కొన బొబ్బలెక్కినది మూడవది. అది చవుకది కాదు, తప్పు అంకె గలది కూడ కాదు. బిగించినవాడు క్రింది వాషరు వేయుట మరచినాడు. వేడి తొడుగు నుండి సిలిండరు తలలోనికి పోవు దారి ఆ రాగి వాషరు గుండానే గనుక, అది లేని ప్లగ్గు ఎంత మంచి కురువిందముతో చేసినదైనను ఇట్లే కాలును. వాషరుతో కూడ కొత్త ప్లగ్గును మొదట చేతితో మరచుట్లు అందినంతవరకు త్రిప్పి, పిదప స్పానరుతో అర చుట్టు బిగింపవలెను.